వెన్నుపూస విరిగితే కీహోలా, ఓపెనా? ఇంటివాళ్లు ఎలా తేల్చుకోవాలి

"బాపు తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. ఎల్1 విరిగిందన్నరు. ఒక డాక్టరు కీహోల్ అంటున్నడు, ఇంకో డాక్టరు ఓపెన్ చేయాలంటున్నడు. ఏది చేయించాలె?" హనుమకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పరకాల నుంచి ఒకరు, మహబూబాబాద్ నుంచి ఒకరు, భూపాలపల్లి గనుల దగ్గరి నుంచి ఒకరు అడుగుతూనే ఉంటారు. ఎల్1 అంటే నడుము మొదటి పూస. పూస నంబరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. అందుకే ఒకేచోట రాసిపెడుతున్నా.

రెండు రకాల ఆపరేషన్లు అయినవాళ్లనూ మంచం మీద లేపి కూర్చోబెట్టి, నడిపించే పని నాది. ముందే ఒక మాట చెప్తా. కోత ఎంత, అంటే చిన్న గాట్ల కీహోలా, పొడవు కోత ఓపెనా అన్నది మీరు అడగాల్సిన ఆఖరి ప్రశ్న. దానికంటే ముందు మూడు సంగతులు తేలాలి. అసలు ఆపరేషన్ కావాలా? నరాల మీద ఒత్తిడి ఉందా? విరిగిన పూస నిలకడగా ఉందా, పక్కకు జారే రకమా? ఈ మూడూ తేలితే కోత సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ఇది వీపు, నడుము పూసలు విరిగినవాళ్ల కోసం. మెడ పూసల లెక్క వేరు, దాన్ని ఇందులో కలపొద్దు. డిస్కు జారడం కూడా వేరే జబ్బు. నిర్ణయం తీసుకోవాల్సింది మీ సర్జన్, మీరు. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం చూపించాలో, ఏం అడగాలో మాత్రమే నేను చెప్తున్నా.

రెండింటికీ తేడా ఏమిటి

రెండింట్లోనూ లోపల వేసేవి అవే: టైటానియం స్క్రూలు, వాటిని కలిపే రెండు రాడ్లు. విరిగిన పూసకు పైన ఒకటి, కింద ఒకటి పట్టుకుని స్క్రూలు బిగిస్తారు. స్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ కర్రలు బరువు మోసినట్టు, ఎముక అతుక్కునేదాకా ఇవి బరువు మోస్తాయి.

ఓపెన్‌లో వీపు మధ్యన నిలువుగా పొడవైన కోత పెడతారు. పూసలకు అంటుకున్న కండను రెండు పక్కలకూ ఒలిచి, ఎముకను కళ్లతో చూస్తూ పని చేస్తారు. కీహోల్‌లో ఒక్కో స్క్రూకు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల చిన్న గాటు పెడతారు. కండను ఒలవరు, దాని మధ్యలోంచి దారి చేసుకుంటూ సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద చూస్తూ స్క్రూ దింపుతారు. డాక్టర్లు దీన్నే పర్‌క్యుటేనియస్ అని, మినిమల్లీ ఇన్వేజివ్ అని అంటారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై ఫిల్ములు, వాటి సీడీలు. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.
- దెబ్బ ఎప్పుడు తగిలింది, ఎంత ఎత్తు నుంచి, ఎలా పడ్డారు అన్నది రాసిన చీటీ.
- వాడుతున్న మందుల జాబితా. ముఖ్యంగా రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి, ఇంకా షుగర్ మందులు, స్టెరాయిడ్లు.
- షుగర్ ఉంటే మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష.
- రేషన్ కార్డు, ఆధార్. యాక్సిడెంట్ కేసైతే ఎఫ్‌ఐఆర్ కాపీ.
- ఒక నోటుబుక్కు, పెన్ను. దీని అవసరం రెండో మెట్టులో వస్తుంది.

1. ముందు కదిలించే పద్ధతి నేర్చుకోండి

ఏ ఆపరేషన్ అన్నది తర్వాత. ఆసుపత్రి చేరేలోపు, ఎమ్మారై బల్ల మీదికి మార్చేటప్పుడు జరిగే నష్టం ఏ సర్జనూ సరిచేయలేడు. పడ్డ మనిషిని చంకల్లో చేతులు పెట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టడం మన దగ్గర ఇప్పటికీ జరుగుతోంది. దయచేసి ఆ పని చేయకండి. 108కి ఫోన్ చేయండి. గట్టి బల్ల మీద పడుకోబెట్టి తెస్తారు.

పక్కకు తిప్పాల్సి వస్తే కనీసం ముగ్గురు కావాలి, నలుగురైతే మంచిది. ఒకరు తల, మెడ పట్టుకోవాలి. ఒకరు భుజం, నడుము, ఒకరు తుంటి, కాళ్లు. తల పట్టుకున్నవాళ్లే లెక్క చెప్పాలి: ఒకటి, రెండు, మూడు. మూడనగానే తల, మొండెం, కాళ్లు ఒకే కట్టెలా ఒకేసారి తిరగాలి. భుజం ముందు, నడుము వెనక తిరిగితే విరిగిన చోట మెలి పడుతుంది.

చెట్టు మీంచో, మేడ మీంచో కాళ్ల మీద పడితే మడమలు కూడా చూపించండి. నడుం నొప్పి గోలలో మడమ ఎముక విరిగిన సంగతి మరుగునపడి, నడిపించే రోజున బయటపడుతుంది. వెన్నులో ఒకచోట విరిగినప్పుడు ఇంకోచోట కూడా విరిగి ఉండొచ్చు. అందుకే ఎమ్మారై తీసేటప్పుడు మొత్తం వెన్ను స్క్రీనింగ్ ఉందా అని అడగండి.

నాటు కట్టు, మాలిష్, "పూస ఎక్కించడం" వెన్నుకు అస్సలు వద్దు.

2. నరాల పరిస్థితి రాసిపెట్టండి

నోటుబుక్కు తీయండి. తేదీ, టైము వేసి ఇవి రాయండి: రెండు కాళ్ల బొటనవేళ్లు పైకి లేస్తున్నాయా? పాదం పైకీ కిందికీ ఆడుతోందా? మోకాలు మడవగలుగుతున్నారా? దూదితో ముట్టుకుంటే తొడ, పిక్క, పాదం అంతటా తెలుస్తోందా? మూత్రం వచ్చినట్టు తెలుస్తోందా, సొంతంగా పోస్తున్నారా? మలద్వారం చుట్టూ, తొడల మధ్య మొద్దుబారిందా?

ఆఖరి రెండు ప్రశ్నలు అడగడానికి ఇంటివాళ్లు సిగ్గుపడతారు. సిగ్గుపడితే నష్టపోతారు. కాళ్లు బాగానే ఆడుతున్నా మూత్రం నిలిచిపోయి, కూర్చునే చోట మొద్దుబారితే అది అత్యవసరం.

రోజుకు రెండుసార్లయినా ఇదే వరసలో చూసి రాయండి. నిన్న లేచిన బొటనవేలు ఇవాళ లేవకపోతే రౌండ్స్ కోసం ఆగకండి, వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. నరాల బలం పూటపూటకూ తగ్గుతోందంటే ఆపరేషన్ తొందరగా జరగాలి. కోత పెద్దదా చిన్నదా అని తర్జనభర్జన పడే టైము అది కాదు. వీలైతే 24 గంటల లోపే నరాల మీద ఒత్తిడి తీయాలన్నది ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా పాటించే పద్ధతి.

3. రిపోర్టులో ఈ మాటలు వెతకండి

మొత్తం అర్థం కానక్కర్లేదు. పెన్సిల్‌తో వీటి కింద గీత గీయండి.

పూస నంబరు: డీ అంటే వీపు పూస, ఎల్ అంటే నడుము పూస. ఎక్కువగా విరిగేవి డీ12, ఎల్1. పక్కటెముకల ఆసరా ఉన్న భాగం అక్కడితో అయిపోయి, కదిలే నడుము మొదలవుతుంది. కింద పడ్డప్పుడు బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది. వెన్నుపాము కూడా దాదాపు ఎల్1, ఎల్2 దగ్గరే ముగుస్తుంది. కాబట్టి డీ12 దగ్గర ఒత్తిడి వెన్నుపాము మీద, ఎల్3 దగ్గర ఒత్తిడి దాని కింది నరాల కట్ట మీద పడుతుంది. నరాల కట్టకు కోలుకునే అవకాశం కాస్త ఎక్కువ.

కంప్రెషన్: పూస ముందు భాగం కుంగింది. బరస్ట్: పూస చితికి వెనక గోడ కూడా విరిగింది. రెట్రోపల్షన్: విరిగిన ముక్క వెనక్కి, నరాల దారిలోకి వచ్చింది. కెనాల్ కాంప్రమైజ్: ఆ దారి ఎంత మేర మూసుకుపోయింది. చాలామంది ఈ శాతం చూసి హడలిపోతారు. దారి సగం మూసుకుపోయినా కాళ్లలో బలం పూర్తిగా ఉన్నవాళ్లు ఉంటారు. కాబట్టి ఈ అంకెను మీ నోటుబుక్కులోని రాతతో కలిపి చూడాలి, విడిగా చూడొద్దు.

పీఎల్‌సీ ఇంజురీ: పూసలను వెనక నుంచి పట్టి ఉంచే లిగమెంట్లు తెగాయి. ఈ మాట ముఖ్యం. ఎముక విరిగితే అతుక్కుంటుంది, తెగిన లిగమెంటు మునుపటి బలంతో అతుక్కోవడం కష్టం. ట్రాన్స్‌లేషన్, డిస్‌లొకేషన్: పూస పక్కకు జారింది. ఈ మాట కనిపిస్తే ఇంక చర్చ అవసరం లేదు, ఆపరేషన్ కావాలి.

సీటీ తీశాక మళ్లీ ఎమ్మారై ఎందుకని కోప్పడకండి. ఎముక ముక్కలు సీటీలో, లిగమెంట్లు, వెన్నుపాము ఎమ్మారైలో తెలుస్తాయి. రెండూ రెండు పనులు.

4. అసలు ఆపరేషన్ కావాలా?

సర్జన్లు చాలామంది టీఎల్‌ఐసీఎస్ అనే స్కోరు వేస్తారు. విరిగిన తీరుకు, నరాల పరిస్థితికి, వెనక లిగమెంట్లకు విడివిడిగా మార్కులు వేసి కలుపుతారు. 3 లేదా అంతకంటే తక్కువైతే ఆపరేషన్ లేకుండా చూడొచ్చు, 5 లేదా అంతకంటే ఎక్కువైతే ఆపరేషన్, 4 వస్తే సర్జన్ విచక్షణ. "మా బాపు స్కోరు ఎంత సార్?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగినందుకు మంచి డాక్టరు ఎవరూ చిన్నబుచ్చుకోరు.

నరాలకు దెబ్బ లేకుండా, లిగమెంట్లు బాగుంటే కంప్రెషన్ ఫ్రాక్చర్లు, కొన్ని బరస్ట్ ఫ్రాక్చర్లు కూడా బ్రేసు (వెన్ను కదలకుండా బయటి నుంచి పట్టే పట్టీ), నొప్పి మందులు, జాగ్రత్తలతోనే అతుక్కుంటాయి. చిన్న కోతే కదా, చేయించేద్దాం అనుకోవడం ఈమధ్య బాగా పెరిగింది. అవసరం లేని ఆపరేషన్ చిన్న కోతతో చేసినా అవసరం లేనిదే.

బ్రేసు దగ్గర ఒక పొరపాటు పదేపదే చూస్తున్నా. మెడికల్ షాపులో దొరికే నడుం బెల్టు డీ12 ఫ్రాక్చరుకు పనికిరాదు. అది విరిగిన చోటిని పైనుంచి పట్టుకోనే పట్టుకోదు. ఛాతీ దాకా వచ్చే టేలర్ బ్రేసో, ఏఎస్‌హెచ్ బ్రేసో కావాలి. కొలతలు తీసి ఇచ్చేచోటే తీసుకోండి. బ్రేసు వేసుకుని నిలబడ్డాక మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. పడుకున్నప్పుడు బాగా కనిపించిన పూస, నిలబడి బరువు పడగానే ఇంకా కుంగొచ్చు. ఆ ఎక్స్‌రే చూడకుండా "ఆపరేషన్ అక్కర్లేదు" అన్న మాటను ఖరారు అనుకోకండి.

5. ఆపరేషన్ కావాలన్నాక ఏ కోత

కీహోల్ బాగా పనికొచ్చేవి: కాళ్లలో బలం, స్పర్శ పూర్తిగా ఉన్న బరస్ట్ ఫ్రాక్చర్. లిగమెంట్ల కంటే ఎముకే అడ్డంగా చీలిన, 'ఛాన్స్' అని పేరున్న రకం ఫ్రాక్చర్. ఛాతీకో, తుంటికో, తొడకో కూడా దెబ్బలు తగిలి, ఎక్కువ రక్తం పోతే తట్టుకోలేని మనిషి. వెన్నంతా ఒకే కడ్డీలా బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లు.

ఓపెన్ కావాల్సినవి: ఎముక ముక్క నరాలను నొక్కి కాళ్లు బలహీనపడ్డప్పుడు. ఆ ముక్క మీద ఒత్తిడి తీయాలంటే పూస వెనక కప్పు తెరవాలి, కళ్లతో చూడాలి. పూస జారి కీళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఇరుక్కున్నప్పుడు. లిగమెంట్లు తెగి, ఎముక పొడి వేసి పూసలను శాశ్వతంగా కలపాల్సినప్పుడు. దెబ్బ తగిలి వారాలు గడిచి వంకరగానే అతుక్కోవడం మొదలైనప్పుడు.

రెండింటికీ మధ్య దారి కూడా ఉంది. స్క్రూలన్నీ చిన్న గాట్లలోంచి వేసి, నరాలు నొక్కుకున్న ఒక్కచోట మాత్రం చిన్నగా తెరుస్తారు. మీ కేసుకు అది కుదురుతుందా అని అడగండి. చాలామందికి ఇలాంటిది ఉందనే తెలియదు.

ఇక లాభనష్టాలు. కీహోల్‌లో రక్తం తక్కువ పోతుంది. మొదటి రోజుల్లో నొప్పి తక్కువ, గాయం చీము పట్టే భయం తక్కువ, ఇంటికి తొందరగా పోతారు. ఇది నేను రోజూ చూసేదే. కీహోల్ అయినవాళ్లు మర్నాడు నా చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చుంటారు. పొడవైన కోత అయినవాళ్లు పక్కకు తిరగడానికే పళ్లు బిగబడతారు, వీపు కండంతా రాయిలా బిగుసుకుని ఉంటుంది. కానీ ఏడాది గడిచాక ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే నొప్పిలో, పని చేయడంలో పెద్ద తేడా ఉండదు. ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలు కూడా ఎక్కువగా అదే చెప్తున్నాయి. అంటే చిన్న కోత లాభం మొదటి వారాలది, నెలలది. ఆ లాభం నిజమైనదే, కూలికి పోతేగానీ పూట గడవని ఇంటికి ఇంకా నిజమైనది. కానీ నరాల మీద ఒత్తిడి తీయాల్సిన మనిషికి ఆ లాభం కోసం ఆ పని మానేస్తే, బతుకంతా కాళ్ల బలం పోగొట్టుకోవాల్సి రావొచ్చు.

కీహోల్‌కు ఇంకో పరిమితి ఉంది. అంతా ఎక్స్‌రే తెర మీద చూసి చేసేదే కాబట్టి, సీ-ఆర్మ్‌లో ఎముక స్పష్టంగా కనిపించాలి. ఎముకలు బాగా గుల్లబారినా, మనిషి మరీ లావైనా బొమ్మ మసకబారుతుంది. ఆపరేషన్ మధ్యలో ఓపెన్‌కు మార్చాల్సి రావొచ్చు. అది సర్జన్ ఓటమి కాదు, జాగ్రత్త. సంతకం పెట్టే కాగితంలో ఆ మాట ఉందో లేదో చూడండి.

టైము కూడా లెక్కలోకి వస్తుంది. మొదటి కొద్దిరోజుల్లో చేస్తే, బోర్లా పడుకోబెట్టి స్క్రూలు బిగించే క్రమంలోనే కుంగిన పూస చాలావరకు ఎత్తుకు వస్తుంది. రెండు మూడు వారాలు దాటితే విరిగినచోట గట్టిపడటం మొదలై అంత సులువుగా లేవదు. పది మంది సలహాల కోసం ఊరూరా తిరుగుతూ వారాలు గడిపితే చిన్న కోతకు అందే కేసు పెద్ద కోతకు పోతుంది. రెండో అభిప్రాయం తీసుకోండి, అది మీ హక్కు. రెండు రోజుల్లో తీసుకోండి.

"లేజర్‌తో చేస్తాం" అని ఎవరైనా అంటే జాగ్రత్త. లేజర్ విరిగిన పూసను నిలబెట్టదు.

6. సర్జన్‌ను అడగాల్సినవి

ఫోనులో రాసుకుని వెళ్లండి. ఎదురుగా కూర్చోగానే టెన్షన్‌లో సగం మర్చిపోతారు.

- నరాల మీద ఒత్తిడి ఉందా? ఉంటే ఈ పద్ధతిలో దాన్ని ఎలా తీస్తారు?
- పూసలను శాశ్వతంగా కలుపుతారా, స్క్రూలతో పట్టి ఉంచుతారా?
- ఎన్ని స్క్రూలు? విరిగిన పూసలో కూడా వేస్తారా?
- మీరు ఈ రెండు పద్ధతులూ చేస్తారా?
- తర్వాత రాడ్లు తీసేయాలా?

నాలుగో ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా వినండి. ఒకే పద్ధతి చేసే డాక్టరుకు సహజంగా ఆ పద్ధతే మంచిదిగా కనిపిస్తుంది. ఓపెన్ బాగా చేసే సర్జన్ చేతిలో ఓపెన్, కొత్తగా నేర్చుకుంటున్న చేతిలో కీహోల్ కంటే మేలు.

రెండో అభిప్రాయానికి వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో ఒక్కటే పంపకండి. ఫిల్మును తెల్లటి లైటుకు ఆనించి, మెరుపు పడకుండా తీయండి. ఇంకా మంచిది, సీడీ తీసుకుని ఇంటివాళ్లలో ఒకరు వెళ్లడం. పేషెంటు వెళ్లనక్కర్లేదు, సీడీతో పాటు నోటుబుక్కు వెళ్తే చాలు.

7. డబ్బు సంగతి

కీహోల్ స్క్రూలు, వాటి సామాను మామూలువాటికంటే ఖరీదు. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గడం వల్ల ఖర్చు కొంత కలిసొస్తుంది. మొత్తం బిల్లు అడిగితే ఇంప్లాంట్ల లెక్క విడిగా రాయించుకోండి.

తెలంగాణ రాజీవ్ ఆరోగ్యశ్రీలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తుంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరికి వెళ్లి, మీ డాక్టరు చెప్పిన ఆపరేషన్ ఏ ప్యాకేజీలో వస్తుంది, ఆ ప్యాకేజీలో ఏ రకం ఇంప్లాంట్లు ఉన్నాయి అని అడ్మిషన్‌కు ముందే అడగండి. "కార్డు మీదే చేస్తాం, ఇంప్లాంటు డబ్బులు మాత్రం మీరే కట్టాలి" అన్న మాట వినిపిస్తే ఎందుకో రాసివ్వమనండి, 104కు ఫోన్ చేయండి. రోడ్డు ప్రమాదమైతే 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులకు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం ఉంది. సింగరేణి కార్మికులు ముందు కంపెనీ ఆసుపత్రి నుంచి రెఫరల్ తీసుకోండి.

ఒప్పుకున్న పద్ధతికి డబ్బు చాలకపోతే భయపడొద్దు. మీ కేసుకు ఓపెన్ సరిపోతుందని డాక్టరు అంటే, చిన్న కోత కోసం పొలం కుదువ పెట్టాల్సిన అవసరం లేదు. వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు దవాఖానలోనో, హైదరాబాద్ నిమ్స్‌లోనో చూపించుకోండి. ఏడాది తర్వాత సంగతి పైన చెప్పాను కదా.

8. ఆపరేషన్ అయ్యాక ఏం చూసుకోవాలి

మత్తు దిగగానే మళ్లీ నోటుబుక్కు తీయండి. బొటనవేళ్లు, పాదాలు, స్పర్శ అదే వరసలో చూడండి. ఆపరేషన్‌కు ముందున్న రాతతో పోల్చండి. ముందు ఆడిన పాదం ఇప్పుడు ఆడకపోయినా, ఒక కాలిలోకి కొత్తగా కరెంటు షాకులా నొప్పి దూసుకుపోతున్నా ఆ గంటలోనే చెప్పండి. స్క్రూ నరానికి తగులుతోందా అని సీటీ తీసి చూస్తారు. కోత నొప్పి వేరు, ఈ నొప్పి వేరు. కోత నొప్పి వీపులోనే ఉంటుంది, కాలిలోకి దిగదు.

కాళ్లలో బలం లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. మడమలు, పిరుదుల మధ్య ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందా అని రోజూ చూడండి. ఒక్కసారి పుండు పడితే ఆపరేషన్ కంటే దాని వైద్యమే ఎక్కువ రోజులు పడుతుంది. పిక్క వాచినా, నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే చెప్పండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చే స్పైరోమీటరు బంతులు ఊదడం కాదు, లోపలికి పీల్చాలి. చాలామంది తలకిందులుగా చేస్తున్నారు.

కూర్చోబెట్టేటప్పుడు చేతులు పట్టి ముందుకు లాగొద్దు. పక్కకు తిప్పి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేతి మీద ఆనుకుని లేవాలి. కీహోల్ అయినా ఇదే పద్ధతి. చిన్న గాట్లు చూసి "ఏం కాలేదు" అనుకుని వంగి బకెట్ ఎత్తేవాళ్లను చూశాను. చర్మం మీద కోత చిన్నదే, లోపల విరిగిన ఎముక మాత్రం అంతే విరిగి ఉంది.

డిశ్చార్జికి ముందు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఉందో లేదో చూడండి. తర్వాత వచ్చే ప్రతి ఎక్స్‌రేనూ దాంతోనే పోల్చాలి.

9. ఇంటికొచ్చాక

జ్వరం, గాయం నుంచి చీము లేదా నీరు కారడం, తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం: ఏ ఒక్కటి ఉన్నా ఫోన్‌లో అడిగి ఊరుకోకండి, వెళ్లండి. సాధారణంగా ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే తీస్తారు. పూస వంకర కోణం ఎంతుందో ప్రతిసారీ అడిగి రాసుకోండి. కొద్ది డిగ్రీలు మళ్లీ వంగడం మామూలే, దానికి నొప్పితో సంబంధం ఉండాలని లేదు. ఒక్కసారిగా బాగా పెరిగితే మాత్రం స్క్రూ వదులైందేమో చూడాలి.

బీడీ, సిగరెట్, గుట్కా మానాలి. నికోటిన్ ఎముకను అతుక్కోనివ్వదు. ఏ పద్ధతిలో చేయించుకున్నా దీనికి మినహాయింపు లేదు.

నడవడం మొదటి రోజు నుంచే మంచి వ్యాయామం. బరువు పనికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. చెట్టెక్కే పనికి ఇంకా జాగ్రత్త కావాలి. ఎక్స్‌రేలో ఎముక అతికిందని సర్జన్ చెప్పాకే మోకు ముట్టుకోండి, 2024 నుంచి గీత కార్మికులకు ప్రభుత్వం ఇస్తున్న కాటమయ్య రక్షణ కిట్టుతోనే ఎక్కండి.

అవ్వలు, తాతల విషయం వేరు

ఆటో స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరితేనో, బాత్రూంలో జారితేనో పూస కుంగితే అది ఎముకలు గుల్లబారడం వల్ల. వీళ్లలో చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో బ్రేసు, మందులతోనే నొప్పి తగ్గుతుంది. సిమెంటు ఎక్కించే ఇంజక్షన్, అదే వర్టిబ్రోప్లాస్టీ, చేయిద్దామా అని అడుగుతారు. 2009లో వచ్చిన రెండు పేరున్న పరిశోధనల్లో, ఉత్తుత్తి ఆపరేషన్ చేసినవాళ్లకూ సిమెంటు వేసినవాళ్లకూ నొప్పిలో తేడా కనిపించలేదు. అయినా మందులకు లొంగని నొప్పితో మంచం దిగలేనివాళ్లకు కొందరు డాక్టర్లు ఇప్పటికీ చేస్తారు, కొందరికి ఉపశమనం కూడా కలుగుతుంది. కాబట్టి కొన్ని వారాలు చూశాక ఆలోచించాల్సిన సంగతి ఇది.

దానికంటే ముందు చేయాల్సినది ఎముక ఎంత గుల్లబారిందో చూపే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష, ఎముక బలానికి మందు. ఒక పూస కుంగిన అవ్వకు ఆ మందు మొదలుపెట్టకపోతే రెండో పూస కుంగే ప్రమాదం బాగా ఎక్కువ. సిమెంటు వేయించి మందు మర్చిపోవడం ఎక్కువగా జరిగే తప్పు.

పెద్ద దెబ్బేమీ లేకుండా పూస కుంగి, సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే అది టీబీయో, క్యాన్సరో కావొచ్చు. ఎమ్మారై, రక్త పరీక్షలు, అవసరమైతే ముక్క పరీక్ష లేకుండా సిమెంటుకు ఒప్పుకోకండి.

రాడ్లు తీయించాలా?

పూసలను శాశ్వతంగా కలిపితే సాధారణంగా తీయరు. కీహోల్‌లో కలపకుండా పట్టి ఉంచితే, ఎముక అతికాక, ఎక్కువగా తొమ్మిది నెలలు, ఏడాది తర్వాత, కొందరు సర్జన్లు తీస్తారు. ఇబ్బంది లేకపోతే అలాగే ఉంచేవాళ్లూ ఉన్నారు. వయసులో ఉన్నవాళ్లకు, స్క్రూ తల కండకు గుచ్చుకుంటున్నవాళ్లకు తీయడం మేలు.

తీయాల్సి వస్తే ఆ కంపెనీ స్క్రూకు సరిపోయే స్క్రూడ్రైవరే కావాలి. అందుకే ఆపరేషన్ రోజున ఇంప్లాంటు ప్యాకెట్ల మీదుండే చిన్న స్టిక్కర్లను కేస్‌షీటులో అంటిస్తారు. వాటి కాపీ అడిగి డిశ్చార్జి సమ్మరీకి పిన్ను కొట్టుకోండి. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌కు, ఇన్సూరెన్సుకు, గీత కార్మికుల ఎక్స్‌గ్రేషియాకు కూడా ఆ సమ్మరీ అడుగుతారు కాబట్టి జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్ ఇంట్లోనే ఉంచుకోండి.